జిగురు పూసిన గాయం

చెక్కలో మేకు బెజ్జం కనబడితే రంపపుపొట్టూ జిగురూ కలిపి పూడ్చేయడం వడ్రంగికి అలవాటు. తన అరికాల్లో మేకు దిగినా అదే పని చేశాడు. రెండ్రోజులకే పాదం వాచి కంపు కొట్టింది. భార్య ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"కాలు తీసేస్తారా డాక్టరమ్మా?" అడిగాడు వడ్రంగి.

"అంతదాకా రాలేదు బాబాయ్. ఈ క్రిములకి గాలి గిట్టదు. నువ్వేమో తలుపులన్నీ మూసి కాపురం పెట్టించావు."

ఆమె గాయం తెరిచి, చెడిన కండ తీసి కడిగింది. కుట్లు వేయకుండా వదిలి మందులిచ్చింది.

వాపు దిగి వడ్రంగి మళ్లీ నడిచాడు. నడిచిన మొదటిరోజే జిగురు డబ్బా అడిగాడు.

"బల్ల కోసమేలే" అన్నాడు.

"ముందు మీ రెండు పాదాలూ ఇలా చూపించండి" అంది భార్య, డబ్బా వెనక్కి దాచుకుని.