ఆ బాయిలర్‌కు నిప్పు పెట్టం

రమీరోను అంబులెన్సులో తీసుకెళ్ళలేదు. సిమెంటు బస్తాల పక్కన, పికప్ ట్రక్కు వెనక పడుకోబెట్టి తీసుకెళ్ళారు. నేను చూశాను. నాతోపాటు ఇరవైమంది చూశారు.

న్యూజెర్సీలో, నది ఒడ్డున, మా యూనివర్సిటీకి రెండు మైళ్ళ దూరంలో హాల్‌స్టెడ్ రైలింజన్ల ఫ్యాక్టరీ ఉంది. 1838లో కట్టారు. ఈ దేశంలో రైలు అనేదే కొత్త వింతగా ఉన్న రోజుల్లో అక్కడ ఆవిరి ఇంజన్లు పుట్టాయి. ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న ఆ ఎర్ర ఇటుకల షెడ్లను ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ కొన్నది. పైన ఖరీదైన అపార్ట్‌మెంట్లు, కింద మ్యూజియం, మ్యూజియం మధ్యలో ఆ ఫ్యాక్టరీలోనే తయారైన పాత ఇంజన్. ప్రారంభోత్సవం రోజున దానికి నిప్పు పెట్టి కూత వేయించాలని కంపెనీ పట్టుదల.

నేనూ సాత్విక్ ఎమ్మెస్ విద్యార్థులం. ఇంటర్న్‌షిప్ పేరుతో అక్కడ పనిచేస్తున్నాం. పాత రికార్డులు చదివి గోడ మీది బోర్డులకు చరిత్ర రాయడం నా పని. ఇంజన్ కొలతలు తీయడం సాత్విక్ పని. మసిలో దిగి చేసే పనంతా గ్వాటెమాల నుంచి వచ్చిన కూలీలది. రమీరో వాళ్ళలో ఒకడు.

ఆ రోజు బాయిలర్ పరీక్ష. నీళ్ళు నింపి ఒత్తిడి పెంచి చూడాలి. దానికి రెండు రోజులు పడుతుందని మేనేజర్ రఘువీర్ కంప్రెసర్‌తో గాలి ఎక్కించమన్నాడు. పది నిమిషాలు గడవకముందే ఒక ఇత్తడి బిరడా తూటాలా ఊడి వచ్చి రమీరో భుజాన్ని నుజ్జు చేసింది.

నేను ఫోన్ తీశాను. రఘువీర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా దేదీప్యా. అంబులెన్స్ వస్తే వెనకాలే ఇన్‌స్పెక్షన్ వస్తుంది. సైట్ క్లోజ్ చేస్తారు. పైగా అతనికి పేపర్స్ లేవు. నేను హెల్పే చేస్తున్నా, అర్థం చేసుకో."

రఘువీర్ది గుంటూరు. ఉగాది ఫంక్షన్‌లో మాకు పులిహోర వడ్డించిన చెయ్యే అది.

సాయంత్రానికి రిపోర్టు తయారైంది. ప్రమాదానికి కారణం: కార్మికుడి అజాగ్రత్త.

ఆ మాట నేను అంతకు వారం ముందే చదివాను. 1859 నాటి కాగితంలో. అప్పుడూ ఇదే షెడ్డు. కొత్త ఇంజన్‌ను కొనేవాళ్ళకు చూపించే రోజు. ఇంకా బలం చూపాలని యజమాని కొడుకు సేఫ్టీ వాల్వ్ తెరుచుకోకుండా బరువు కట్టించాడు. బాయిలర్ పేలింది. ఏడుగురు చచ్చిపోయారు. తప్పు మాత్రం నిప్పు వేసిన డూలన్ అనే ఐరిష్ కూలీ మీద పెట్టారు. డూలన్ కూడా ఆ ఏడుగురిలో ఒకడు. జవాబు చెప్పడానికి అతను లేడు.

జవాబు మిగిలినవాళ్ళు చెప్పారు. మూడువందల నలభైమంది పదకొండు వారాలు పని ముట్టలేదు. సైన్యం వచ్చింది, పదహారుమంది జైలుకు పోయారు. చివరికి, బాయిలర్ చేసినవాడు సరేననిదే దానికి నిప్పు పెట్టకూడదన్న నియమం సాధించుకున్నారు. ఇదంతా నేను బోర్డు కోసం రాస్తే రఘువీర్ ఎర్ర గీత కొట్టాడు.

"ఫ్యామిలీస్ వచ్చే ప్లేస్ ఇది. డెత్స్, స్ట్రైక్స్ ఎందుకు? ఫస్ట్ ఇంజన్, ఫాస్టెస్ట్ ఇంజన్, అవి రాయి."

మేముండే అపార్ట్‌మెంట్లలోనే కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్న వీరభద్రం గారు సికింద్రాబాదు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పైనాలుగేళ్ళు బాయిలర్ పని చేసినవారు. రమీరోకు దెబ్బ తగిలిన మర్నాడు మధ్యాహ్నం, మేనేజర్లు భోజనానికి వెళ్ళినప్పుడు, ఆయన్ని తీసుకెళ్ళాను. రమీరో అక్క లూర్దెస్ పక్క తలుపు తీసింది. ఆమె అక్కడే ఇంజన్ తుప్పు గీకే పని చేస్తుంది; ప్రారంభోత్సవం రోజు నిప్పు పెట్టే పని కూడా ఆమెకే అప్పగించారు.

ఆయన చిన్న సుత్తి తీసుకుని బాయిలర్ చుట్టూ కొట్టుకుంటూ తిరిగారు. కొట్టడం, చెవి పెట్టి వినడం. నిప్పు మండే ఫైర్‌బాక్స్ దగ్గరకు వచ్చేసరికి మొహం మారిపోయింది.

"మంచి రేకు మోగుతది బిడ్డా. ఇది దగ్గుతున్నది."

"అంటే ఏంటంకుల్?"

"లోపట తుప్పు తినేసింది. అట్ట ముక్క లెక్కయింది. రంగేసి పెట్టిన్రు గంతే. గాలికి బిరడ ఊడింది. ఆవిరి పడితే బిరడ కాదు, షెడ్డే లేస్తది. ఆ దినం ఎంతమంది వస్తరు?"

"నాలుగొందలు. ముందు వరసలో స్కూలు పిల్లలు."

ఆయన సుత్తి కింద పెట్టేశారు. ఆయన చెప్పింది లూర్దెస్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఇంజన్ మీద ఆనించిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ పూటే కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ శాఖకు ఫిర్యాదు పంపాం. ముప్పై రోజుల్లోపు చూస్తామని జవాబు వచ్చింది. ప్రారంభోత్సవం ఎనిమిది రోజుల్లో ఉంది.

ఆదివారం కూలీలు వెళ్ళే చర్చి కింద గదిలో కూర్చున్నాం. ఇరవైరెండుమంది కూలీలు, మా యూనివర్సిటీ విద్యార్థులం ఏడుగురం, వీరభద్రం గారు. నేను 1859 కథ చెబుతుంటే లూర్దెస్ స్పానిష్‌లో చెప్పింది. డూలన్ పేరు వినగానే వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు జరిగారు.

సాత్విక్ లేచాడు. "ఇమోషనల్ అవ్వకండి. ఇంటర్న్‌షిప్ క్యాన్సిల్ చేస్తే మన వీసా స్టేటస్ పోతుంది. మా నాన్న పొలం తాకట్టు పెట్టి పంపాడు. ఆ రోజు మనం వెళ్ళకుండా ఉంటే చాలు కదా?"

"మనం వెళ్ళకపోతే ఇంకెవరో నిప్పు పెడతారు" అంది లూర్దెస్. "పిల్లలు మాత్రం వస్తారు."

"మీకు పోయేదేముంది?" అని సాత్విక్ అరిచేశాడు. అరిచాక తనే తల దించుకున్నాడు.

లూర్దెస్ కోప్పడలేదు. "నాకిద్దరు కూతుళ్ళు. ఇక్కడే పుట్టారు. నాకు పేపర్లు లేవు. నన్ను పట్టుకుంటే వాళ్ళిక్కడ, నేనక్కడ."

చాలాసేపు వాదించుకున్నాం. ఒకాయన బాయిలర్‌కు రంధ్రం పెడదామన్నాడు. వీరభద్రం గారు ఒప్పుకోలేదు. "దొంగపని మనకెందుకు? దాని ముంగట నిలబడి, నిప్పు పెట్టం అని చెప్పాలె. అందరికీ వినబడాలె." చేతులు లేచాయి. సాత్విక్ చెయ్యి లేవలేదు. కానీ అతను బయటికీ పోలేదు.

శనివారం ఉదయం షెడ్డు నిండా బెలూన్లు. బడి బస్సులు ఇంకా రాలేదు. రఘువీర్ కొత్త కోటులో వచ్చాడు.

"లూర్దెస్, లైట్ ఇట్."

"పెట్టం" అంది ఆమె. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చి ఇంజన్ చుట్టూ నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. పక్కన ఎవరి చెయ్యో తగిలింది. సాత్విక్.

రఘువీర్ నా దగ్గరకొచ్చి తెలుగులో, మెల్లగా అన్నాడు: "మన పిల్లలు కదా అని జాబ్ ఇప్పించాను. వీళ్ళతో కలిసి నా పరువు తీస్తావా? ఒక్క మెయిల్ చాలు దేదీప్యా, ఫ్లైట్ ఎక్కుతావ్."

"మన పిల్లలు అంటున్నారు కదా సార్, మీ పిల్లల్ని తెచ్చి ఈ ముందు వరసలో కూర్చోబెట్టండి" అన్నాను.

అతను పక్కకు వెళ్ళాడు. ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చారు. ఈలోగా గేటు దగ్గర మిగతా విద్యార్థులు బస్సులు ఆపి టీచర్లకు సంగతి చెప్పారు. బస్సులు వెనక్కి తిరిగాయి. ఆ ఒక్కటీ గెలిచాం.

లూర్దెస్‌కు బేడీలు వేశారు. రెండో రోజుకే ఆమె స్థానిక స్టేషన్‌లో లేదు. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు పేరు రాయని తెల్ల వ్యాన్‌లో తీసుకెళ్ళారు; ఎక్కడికో ఆమె లాయరుకు కూడా చెప్పలేదు. నా ఇంటర్న్‌షిప్, సాత్విక్‌ది ఒకే మెయిల్‌లో రద్దయ్యాయి. వీరభద్రం గారి కూతురు ఏడ్చింది, మళ్ళీ ఆ గేటు దగ్గరికి వెళ్ళొద్దంది. "నన్ను పంపితే సికింద్రాబాదుకే గద పంపేది" అన్నారాయన. "ఆ తల్లిని యాడికి పంపిన్రో అడగొద్దా?"

కంపెనీ ప్రారంభోత్సవాన్ని వచ్చే శనివారానికి మార్చింది. నిప్పు పెట్టడానికి పెన్సిల్వేనియా నుంచి ముగ్గురిని పిలిపించింది.

వారంలో కబురు ఊరంతా పాకి, ఆ శనివారం గేటు బయట మేం నూటయాభైమందిమి. రమీరో చెయ్యి మెడకు కట్టుకుని ముందు నిలబడ్డాడు. గేటు లోపల పోలీసు కార్లు వరసగా ఉన్నాయి. వాటి వెనక పేరు రాయని తెల్ల వ్యాన్లు రెండు. వాటిలోంచి ఎవరూ దిగలేదు. అద్దాలు నల్లగా ఉన్నాయి.

పెన్సిల్వేనియావాళ్ళ ట్రక్కు మా ముందు ఆగింది. అందరికంటే పెద్దాయన అద్దం దించాడు. "ఏం జరిగింది ఇక్కడ?"

చెప్పాం. బాయిలర్ సంగతి, రమీరో సంగతి, లూర్దెస్ సంగతి. వీరభద్రం గారు వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో రేకు మందం చూపించారు. అతను ఆ రెండు వేళ్ళ మధ్య సందును చూశాడు. బాయిలర్ మనిషికి ఇంకో బాయిలర్ మనిషి అంతకంటే చెప్పనక్కరలేదు.

"మాకు కొత్త ప్లేటు వేశామని చెప్పారు" అన్నాడు.

ట్రక్కు ఇంజన్ ఆపేశాడు. ముగ్గురూ దిగారు. లోపలినుంచి రఘువీర్ చెయ్యి ఊపి పిలుస్తున్నాడు. ముగ్గురూ అతనికి వీపు తిప్పి మా వరసలో నిలబడ్డారు.

అప్పుడు తెల్ల వ్యాన్ల తలుపులు తెరుచుకున్నాయి.

వరస కదల్లేదు. రమీరో మంచి చేతిని నేను పట్టుకున్నాను. నా రెండో చేతిని సాత్విక్ పట్టుకున్నాడు. ఎవరో గట్టిగా "లూర్దెస్ ఎక్కడ?" అని అరిచారు. ఆ మాటనే ఒకేసారి మూడు భాషల్లో నూటయాభైమందిమీ అడిగాం.