తొమ్మిదికి తొమ్మిది

నెల్లికుదురు దగ్గరి తండాలో ఆ రోజు ఇరవై నలుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని మూడేసి జొన్నరొట్టె ముక్కలు తిన్నారు. తిని, మూడింటికీ తొమ్మిదికి తొమ్మిది మార్కులు వేశారు. ఆ కాగితాలు చూసుకున్న మౌనికకు ఏడుపొక్కటే తక్కువ.

మౌనికది జనగామ. ఆహార విజ్ఞానంలో పరిశోధన చేస్తోంది. మూడు కొత్త జొన్న రకాల్లో రొట్టెకు ఏది పనికొస్తుందో తేల్చడం ఆమె థీసిస్‌లో చివరి చాప్టర్. పేర్లు చెబితే మొహమాటపడతారని రకాలకు 417, 283, 659 అని అంకెలు పెట్టింది. అంకెలు పెట్టినంత మాత్రాన మొహమాటం ఎక్కడికి పోతుంది? రొట్టెలు కాల్చింది తండాకు పెద్దదిక్కైన నీలవ్వ కోడలు గంగి. ఆమె పొయ్యి ముందర చెమటోడుస్తూ కూర్చుంటే, వండిన మనిషిని ఎదురుగా పెట్టుకుని బాగాలేదనడానికి ఎవరికి నోరొస్తుంది? "మంచిగున్నది బిడ్డా" అని మౌనికతో తెలుగులో అన్నారు. ఆ వెంటనే తమ భాషలో ఏదో అనుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తనకు కావలసిన చాప్టరంతా ఆ నవ్వులోనే ఉందని మౌనిక పసిగట్టింది.

గైడు దయాకర్ సార్ ఫోన్లో మండిపడ్డాడు. "అందరు అన్నిటికి తొమ్మిదేసిండ్రా? ఇంట్ల కూసొని నువ్వే నింపినవా ఏంది? సోమవారం విత్తనాల కమిటీ ఉన్నది. అప్పటికి సక్కటి మార్కులు తేకపోతే నేను సంతకం పెట్ట. ఇంకో ఏడాది తిరుగు."

ఇంకో ఏడాది! ఇప్పటికే ఐదేళ్ళయింది. తండా మేకలు కూడా ఆమె స్కూటీ చప్పుడు గుర్తుపట్టి వాటంతటవే పక్కకు జరుగుతున్నాయి.

మౌనిక రాత్రంతా ఆలోచించి ఒక చిన్న దొంగపనికి సిద్ధపడింది. పొద్దున్నే గంగిని బండెక్కించుకుని నెల్లికుదురులో తన అద్దెగదికి తీసుకెళ్ళింది. అదే పిండి, అదే చెయ్యి, అదే పెనం. రొట్టెలు గుడ్డలో మూటగట్టుకుని పది గంటలకల్లా ఇద్దరూ తిరిగొచ్చారు. గంగి ఏమీ ఎరగనట్టు వెళ్ళి వరస చివర్లో కూర్చుంది.

"అవ్వా, గీ రొట్టెలు మన దగ్గర చేసినయి కావు. రేగొండ దిక్కోళ్ళు చేసి పంపిండ్రు. జర చూసి చెప్పుండ్రి" అంది మౌనిక, కన్నార్పకుండా.

పోయినేడు రేగొండ దిక్కు పెళ్ళికి పోయి, ఉడికీ ఉడకని అన్నం తిని వచ్చిన సంగతి తండాలో ఇంకా ఎవరూ మరచిపోలేదు. ఇక కట్ట తెగింది.

"గిది రొట్టెనా, చెప్పు అట్టనా?" అంది నీలవ్వ 283ని రెండు చేతులా లాగుతూ. "పండ్లున్నోళ్ళకే గింత పరేషాన్ అయితే నాకెట్ల?"

పక్కనామె ఒకటి వేసి, అంతకంటే కింద సున్నా లేదా అని అడిగింది. 417కు ఐదో ఆరో ఇచ్చి సరిపెట్టారు. 659 నోట్లో పెట్టుకున్నాక మాత్రం నీలవ్వ అడక్కుండానే ఇంకో ముక్క తుంచుకుంది.

"అబద్ధమెందుకు, గిది మా గంగి చేసినట్టే ఉన్నది" అంది చివరికి.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్త నోట ఇలాంటి మాట వినని గంగికి పొలమారింది. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

మౌనిక సంబరం ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు. అంకెల వెనక పేర్లు చూసుకుంటే, 283 సాక్షాత్తూ దయాకర్ సార్ తయారుచేసిన రకం. దిగుబడిలో దానికి సాటి లేదు. దానికి వచ్చినవన్నీ ఒకట్లూ రెండ్లూ. ఆ కాగితాల మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే!

ఆ మార్కులు చూసిన సార్ శనివారం స్వయంగా జీపులో దిగాడు. ఎవరి మాటా నమ్మనని, తానే అడుగుతానని తండా నడుమ నిలబడ్డాడు.

"అమ్మా, గా 283 జొన్న నేను తీసిన రకం. పన్నెండేండ్ల కష్టం. ఎట్లున్నదో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కన్న తల్లి ముందర బిడ్డకు వంక పెడతారా ఎవరైనా?

"మంచిగున్నది సారు."

"శాన మంచిగున్నది."

సార్ మౌనిక వైపు తిరిగాడు. "మరి గీ ఒకట్లు ఎవరేసిండ్రు?"

రేగొండ సంగతి చెబితే మోసం చేసినట్టు, చెప్పకపోతే మార్కులు తనే వేసుకున్నట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మౌనిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నీలవ్వ ఆ కళ్ళు చూసింది. చేసినవాణ్ణి మొహం మీద అనకూడదు, నిజమే. అలాగని తమ పొయ్యిల దగ్గర ఐదేళ్ళు పొగ మింగిన పిల్లను నట్టేట ముంచడానికి ఆమెకు మనసొప్పలేదు.

"మీ ఇత్తనం మంచిదే సారూ" అంది నెమ్మదిగా. "మొన్న మిగిలిన రొట్టెలు మా బర్రెకేసిన. ఒక్క వంక పెట్టలే. కమ్మగ తిన్నది."

సార్ మొహం వికసించింది. "మిగిలినయి ఏ రకమవ్వా?"

"మూడిట్ల మిగిలింది గదొక్కటే సారు."

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఇరవై నలుగురూ నేల చూపులు చూశారు. దయాకర్ సార్ గంగితో ఒక 283 రొట్టె కాల్పించుకుని, చించి, నోట్లో పెట్టుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. మంచినీళ్ళడిగి తాగాడు. తర్వాత జీపు మీద కాగితాలు పరిచి మౌనిక చాప్టర్ కింద సంతకం పెట్టాడు. 283 ఎదురుగా మాత్రం పెన్ను కాసేపు ఆగింది. చివరికి తన చేత్తోనే "పశువుల మేతకు శ్రేష్ఠం" అని రాశాడు.