నాలుగు బారల దారి

రొయ్యల చెరువు ప్రసాద్ సముద్రానికి పోయే దారికడ్డంగా కంచె వేసినప్పటి నుంచి పాలెంలో ఆడవాళ్లకు నడుములు మిగలలేదు. సముద్రం ఎదురుగానే ఉన్నా చేపల గంపతో రెండు మైళ్లు చుట్టు తిరగాలి. చేపలమ్మే కామమ్మ ఆరు నెలలు ప్రసాద్‌ను నోరారా తిట్టింది. తిట్లకు కంచెలు ఊడితే లోకంలో ఒక్క కంచే ఉండదు. చివరికి లాయరు రహ్మాన్ దగ్గరకు పోయింది.

ఇందుకూరుపేటలో తండ్రి వదిలిపోయిన టైలరు కొట్టే ఆయన ఆఫీసు. ముప్పై ఏళ్ల ప్రాక్టీసు. శనివారం ఫీజు మాటే ఎత్తడు. మిగతా రోజుల్లో ఎత్తినా గట్టిగా ఎత్తలేడు. పింఛను ఆగిన ముసలమ్మలకు అర్జీ రాసి, సర్కారు ఆఫీసుకు వెంట కూడా నడుస్తాడు. అలాంటి మనిషి ఊరికొకరు చాలు. కానీ ఊరికొకరు లేరు.

"దారి ఎంత వెడల్పు కామమ్మా?"

"నాలుగు బారలు సారూ. ఈ అంచు నుంచి ఆ అంచుకి తాడు పరిచి, చేతులు చాచి కొలుస్తానే ఉండా, చిన్నప్పటి నుంచీ. వలతాళ్లు మేం కొలిచేది ఆడనే."

బార అంటే ఆరడుగులు కదా అని, రహ్మాన్ ఇరవై నాలుగు అడుగులని దావాలో రాశాడు.

అదే కొంప ముంచింది. నెల్లూరు కోర్టులో ప్రసాద్ లాయరు చంద్రమౌళి పాత గ్రామ పటం తెరిచాడు. "పటంలో దారి ఇరవై అడుగులు. ఈమె చెప్పేది ఇరవై నాలుగు. ఆ దారి ఎప్పుడో సముద్రంలో కలిసింది. ఇది వేరు. ఈమెది కట్టుకథ."

కామమ్మకు తల కొట్టేసినట్టయింది. చదువురాని మనిషి, పొరపాటు పడిందని రహ్మాన్ ఒక్క మాటంటే ఆయన పరువు ఆయనకు దక్కుతుంది. అంటాడనే అనుకుని తల దించుకుంది.

రహ్మాన్ ఆమె చేతులకేసి కాసేపు చూసి లేచాడు.

"తప్పు నాదయ్యా. ఆమె చెప్పింది బారలు. అడుగులు నేను రాసినా. ఆమెను కొలవకుండా రాసినా."

కోటు జేబులోంచి తండ్రి వాడిన దర్జీ టేపు తీశాడు. జడ్జిగారు తలూపారు. కామమ్మ వలతాడు పట్టినట్టే రెండు చేతులూ చాచింది. కోర్టు ఉద్యోగిని టేపు పట్టింది. ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు టేపు సరిగ్గా సరిపోయింది. అరవై అంగుళాలు. ఐదడుగులు. నాలుగు బారలకు ఇరవై.

చంద్రమౌళి తెరిచిన పటం మడిచి పెట్టుకున్నాడు.

తీర్పొచ్చి కంచె తీసేశాక, ఒక శనివారం రహ్మాన్ దారి చూడ్డానికి వచ్చాడు.

"అంత పేరున్నోరు, నిండు కోర్టులో తప్పు నాదంటిరే సారూ!"

"దర్జీ కొడుకుని కామమ్మా. కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరిస్తే మా నాయన చెయ్యి విరగ్గొట్టేవోడు."

కామమ్మ కళ్లు తుడుచుకుంది. తన మాట నిలబెట్టడానికి సొంత పేరు తగ్గించుకున్న పెద్దమనిషిని ఆమె ఈయన్నొక్కర్నే చూసింది. ఏమివ్వాలో తోచక దారికడ్డంగా తాడు పరిచి, ఆయన్ను కొలవమంది. ఆ పొడుగు చేతులకు మూడు బారల పైన కాస్త మిగిలిందంతే.

"చూస్తిరా! మీ చేతుల్తో కొలిచుంటే నా దారి పోయుండేది," అని నవ్వి, గంప నెత్తినెత్తుకుని నేరుగా సముద్రం వైపు నడిచింది.