బూట్ల మోతలో పోయిన మాట

బిడ్డ క్షేమంగానే పుట్టాడు. తల్లికే రక్తం ఆగడం లేదు.

ఆసా ప్రూయిట్ ఫిలడెల్ఫియాలో వైద్యం చదివి, ఒహాయో నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో కొత్తగా బోర్డు కట్టాడు. కాలేజీలో కాన్పుల గురించి వినడమే గాని ఒక్కటీ కళ్లారా చూసింది లేదు. ఇదే మొదలు. మంచం మీద బాలింత కెజయా మొహం తెల్లగా పాలిపోతోంది. పరుపు తడిసి నేల మీద చుక్కలు పడుతున్నాయి.

అతను సంచిలోంచి పాఠాల నోటుపుస్తకం తీశాడు.

"పుస్తకం చూసి వైద్యం చేస్తావా నాయనా?" అంది కెజయా అత్తగారు మెహిటబెల్, పసివాణ్ణి గుడ్డలో చుడుతూ. "మా కోడలి ప్రాణం పోయేలోగా ఆ పేజీ దొరుకుతుందంటావా?"

"దొరుకుతుందమ్మా."

దొరికింది. 'కాన్పు తరువాత రక్తస్రావం. ఇందులో ఆలస్యమే మృత్యువు. అన్నిటికన్నా ముందు చేయవలసినది' అని ఉంది. దాని కింద తన చేతిరాతలోనే ఇంకో ముక్క: 'ఇక్కడ బూట్ల మోత. వినపడలేదు.'

ప్రొఫెసరు నవ్వించినప్పుడల్లా బూట్లతో నేల బాదడం ఆ కాలేజీలో ఆనవాయితీ. పట్టా కావాలంటే అవే పాఠాలు రెండేళ్లూ వినాలి. మొదటి ఏడు పోయిన మాట రెండో ఏడైనా చెవిన పడాలి కదా. కానీ నవ్వు ఎక్కడొస్తుందో రెండో ఏడు అందరికీ తెలుసు, ఆ ముసలాయన నోరు తెరవకముందే మోత మొదలయింది. అందరికన్నా గట్టిగా బాదిన మహానుభావుడు ఆసాయే.

"ఏమని ఉందండీ డాక్టరుగారూ?" అన్నాడు భర్త ఈనాక్. భార్య చెయ్యి వదలకుండా ఆ పుస్తకం వంకే దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

ఏం చెప్పాలి? ఆసా కళ్లు పేజీ అంచుకి వెళ్లాయి. అక్కడ ప్రొఫెసరు బొమ్మ ఉంది. పాఠం వినకుండా తను గీసి, బెంచీలో అందరికీ తిప్పి చూపించిన బొమ్మ. పెద్ద బొజ్జ, ఆ బొజ్జలో దిగబడిన రెండు చేతులు, రొట్టెల పిండి పిసుకుతున్నట్టు. ఆనాడు అంత నవ్వు ఎందుకొచ్చిందో ఇప్పుడు గుర్తొచ్చింది. చెయ్యవలసిన పని ఏదో ఆయన తన పొట్ట మీదే చూపించాడు.

ఆసా పుస్తకం పారేసి కెజయా బొడ్డు కింద చెయ్యి వేశాడు. గర్భసంచి పట్టుదప్పి మెత్తగా తగిలింది. బలమంతా పెట్టి పిసికాడు. కెజయా బాధతో మూలిగింది.

"చంపేస్తావా ఏంటి దాన్ని?" అంటూ మెహిటబెల్ ముందుకొచ్చింది.

"దగ్గరికి రాకండమ్మా. మూలగనివ్వండి."

పిసగ్గా పిసగ్గా చేతికింద గట్టిపడింది. రక్తం సన్నగిల్లింది, కాసేపటికి నేల మీద చుక్కలూ ఆగాయి. చెయ్యి తీయాలంటే భయం వేసి ఆసా అలాగే కూర్చున్నాడు.

"దాహం," అంది కెజయా. ఈనాక్ ఏడుస్తూనే నీళ్లు పట్టాడు.

మెహిటబెల్ కిందపడ్డ పుస్తకం తీసింది. "ఈ బొజ్జాయనెవరు?"

"మా గురువుగారు."

"మరి ఆయన చెప్పిన మాటేదీ?"

"వినలేదమ్మా. అప్పుడు నవ్వుతున్నాను."

ఆవిడ కోడలి వంక చూసింది. దళసరిగా ఉన్న ఆ పుస్తకాన్ని మూసి అతని సంచిలో పెట్టింది.

"ఇంకెన్ని పేజీల్లో నవ్వావు నాయనా?"

ఆసా తన సంచి వంక చూశాడు. అతని చెయ్యి ఇంకా కెజయా పొట్ట మీదే ఉంది.