కలుజు పక్కకు లాగిన పడవ

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు కార్తీకంలో ఆత్మకూరు చెరువు కట్ట అంచుదాకా నిండింది. చెరువు లోపలి దిబ్బ మీద గుడిసెలు వేసుకున్న చేపలోళ్ళు పదకొండుమంది నీళ్ళ మధ్య చిక్కుకుపోయారు. దిబ్బకు యాభై గజాల దూరంలోనే కలుజు. మిగులు నీళ్ళు దాని మీదుగా పొర్లి అవతల రాళ్ళ మీద పడుతున్న హోరుకు, గట్టిగా అరిస్తే గాని మాట వినపడటం లేదు.

వాళ్ళను తేవడానికి కృష్ణపట్నం నుంచి లారీ మీద మోటారు పడవ తెచ్చారు. నడిపే ఆదినారాయణ బకింగ్‌హాం కాలవలో పదేళ్ళు లాంచీ తోలినవాడే గాని, ఈ పడవ ఎక్కడం అదే మొదలు. దోవ చూపడానికి రోశయ్య గెడ పట్టుకుని ముందు నిలబడ్డాడు. దిబ్బ మీద ఉన్నది అతనివాళ్ళే.

దిబ్బకు పడవ మూతి ఆనించి ముసలోళ్ళనూ పిల్లలనూ ఎనిమిదిమందిని ఎక్కించారు. ఇక చోటు లేదు. రోశయ్య పెండ్లాం మస్తానమ్మ, ఆమె తమ్ములిద్దరూ మోకాటిలోతు నీళ్ళలో మిగిలారు.

కుడిపక్క మునిగిన తుమ్మచెట్లు. తిప్పుకోవడానికి లేదు, వెనక్కే రావాలి. ఆదినారాయణ వెనక గేరు వేశాడు. పడవ కదలడంతోనే దాని వెనకభాగం ఎడమకు జరిగింది. చుక్కాని కుడికి తిప్పాడు. మాట వినలేదు. ఎడమపక్కే కలుజు.

ఆదినారాయణకు గుర్తొచ్చింది. కాలవలో తన లాంచీ కూడా వెనక్కి పోయేటప్పుడు ఇట్లాగే ఒక పక్కకు జరిగేది. నీళ్ళలో ఇంజను పంకా తిరిగే తీరు అది. అక్కడైతే గట్టుకు రాసుకునేది, అంతే. ఇక్కడ గట్టు లేదు.

"యాడికి పోతాండావురా? కలుజులో పడేస్తావా?" ఓబులమ్మ అనే ముసలామె అరిచింది.

జోరు పెంచితే పంకా ఇంకా లాగుతుంది. ఆపితే నీళ్ళే లాక్కుపోతాయి. ఆదినారాయణ ముందు గేరు వేసి, చుక్కాని పూర్తిగా ఎడమకు తిప్పి, ఇంజనుకు ఒక్క ఊపు ఇచ్చాడు. పడవ దిబ్బ మీదికి ఉరికింది. అందరూ గొల్లుమన్నారు.

"రాయుండాది! రాయి!" రోశయ్య గెడతో అదిమిపట్టాడు. గెడ విల్లులా వంగింది. కానీ వెనకభాగం కుడికి తిరిగింది. వెంటనే వెనక గేరు. రెండు బారలు వచ్చేసరికి మళ్ళా ఎడమకే. మళ్ళా ముందుకు ఒక ఊపు, మళ్ళా వెనక్కి. నాలుగోసారికి తుమ్మచెట్లు దాటారు.

కట్ట దగ్గర దిగుతూ ఓబులమ్మ నిలదీసింది. "వెనక్కి రావాల్సినోడివి ముందుకెందుకు ఉరికినావు?"

"వెనక్కి పోతే ఇది ఎడమకే లాగతాది అవ్వా. ముందుకు తోసి సరి చేసుకోవాల."

"ఆ మాట అప్పుడే చెప్పుంటే ఇంత హడలిపోయేదాన్ని కాదు గదరా!"

రోశయ్య పడవ దిగలేదు. ఆదినారాయణ తడి చేతులు పంచెకు తుడుచుకుని అడిగాడు. "దిబ్బకు అవతల పక్కనించి దోవ ఉండాదా? కలుజు మన కుడికి రావాల."

"గేదెలు దిగే దోవ ఉండాది. సన్నం. అయినా పడవ పట్టేంత ఉండాది."

ఆ దోవనే పోయి ముగ్గురినీ ఎక్కించుకున్నారు. ఈసారి వెనక గేరు వేస్తే పడవ ఎడమకే జరిగింది, కలుజుకు దూరంగా.

మస్తానమ్మ తడి కొంగు పిండుకుంటూ మొగుడితో అంది. "ఇందాక పడవ మామీదికి ఉరికితే, మాకోసమే మళ్ళా వచ్చినారనుకున్నా."

రోశయ్య గెడ పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాడు.