పేరు చివరి ఊరు

ఇంటర్నెట్‌లో పేరు చివర చుక్క పెట్టి ఏం రాయాలో ధర్మవరం మగ్గాలకు నేర్పినవాణ్ణి నేనే. ఐదో తరగతి పాసై, ఆరో తరగతికి దూరం నుంచే దండం పెట్టినవాణ్ణి. నమ్మకపోతే మా అక్క మనవరాలు మమతను అడగండి. వద్దులెండి, అడగకండి.

మా అక్క కుళ్ళాయమ్మ యాభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తోంది. అవన్నీ పెనుకొండ వ్యాపారి జయరాముడి అంగడికి పోయి, అతని పేరు మీద అమ్ముడయ్యేవి. ఈసారి అవ్వ పేరుతోనే, కట్టుకునేవాళ్లకే నేరుగా అమ్మాలని మమత పట్టుబట్టింది. వెబ్‌సైటు తయారు చేసింది. కుళ్ళాయమ్మచీరలు డాట్ కామ్ అని చిరునామా అనుకున్నాం. శ్రావణ శుక్రవారం ముహూర్తానికి ముందు ఆ పేరు రాయించుకోకూడదన్నది నేను. కార్డులు మాత్రం ముందే కొట్టించి, మూలలకు పసుపు పూశాం. ఏళ్లుగా చీరలు తీసుకున్న షావుకారుకు తొలి కార్డు ఇవ్వడం మా ఇంట్లో మర్యాద. పోయి జయరాముడి చేతిలో పెట్టిందీ నేనే.

ముహూర్తం నాడు చూస్తే ఆ పేరు అప్పటికే పోయింది. కొన్నది జయరాముడు.

తలుపుల ఊళ్లో ఒక రామాంజి, ఆమడగూరులో ఒక రామాంజి ఉన్నా జాబులు ఎవరివి వాళ్లకే చేరతాయి కదా, చుక్క తర్వాతది ఊరిపేరు లాంటిదని మమత నాకు విడమరిచి చెప్పింది. ఒక్కో ఊళ్లో ఒక పేరు ఒకరికే. ముందు రాయించుకున్నవాడిదే. అంతవరకూ ఆ చుక్కను ఫోను అద్దం మీది మరక అనుకుని తువ్వాలుతో రెండుసార్లు తుడిచాను. ధర్మవరానికి పాఠం చెప్పింది ఎవరో ఇప్పుడు మీకే తెలిసింది.

ఇద్దరం పెనుకొండకు పోయాం. జయరాముడు కాఫీ తెప్పించాడు. చీరలు ఎప్పటిలా తనకే ఇమ్మన్నాడు, అవ్వ పేరు మీద తన వెబ్‌సైటులో తనే అమ్ముతానన్నాడు. అదే పేరుకు డాట్ ఇన్ కూడా కొనేశాడట.

“జనాలకు తెలిసినేటివి ఆ రెండే పాపా. రెండూ నావే. ఇంగ యాడికి పోతావు?”

మమత ఫోను తీసి వేళ్లు ఆడించసాగింది.

“ఏం చేస్తాండావు?”

“పేరు రాయిచ్చుకుంటాండా. తెలుగు అచ్చరాల్లోనే చుక్క భారత్ అని ఒకటి ఉండాది. మీరు దాన్ని చూసుకోల్యా.”

“దాన్నెవురు కొడతారు?” నవ్వాడు జయరాముడు.

“కొట్టేదాకా చెప్తాం. మా అవ్వకు ఇంగ్లీషు రాదు. ఆమె పేరు ఆమె చదవగలిగే చోటే ఉండాల.”

అతని నవ్వు ఆగింది. “రేపట్నుంచి మీ చీర ఒక్కటి కూడా నా అంగడి మెట్లెక్కదు.”

“మేమే ఎక్కియ్యం” అంది మమత.

ఆ మాటకు జయరాముడి చేతిలో కాఫీ గ్లాసు జారి, తెల్లపంచె మీద రామగిరి బంగారు గనుల పటమంత మరక పడింది.

మేం ఇంటికి పోలేదు. పెనుకొండ స్టేషన్ బెంచీ మీద కూర్చుని, మిగిలిన కార్డుల మీది పాత చిరునామా పెన్నుతో కొట్టేసి, పక్కన తెలుగులో కొత్తది రాశాం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మమత ఆ పని నాకే ఇచ్చింది. హిందూపురం రైల్లో పెట్టె పెట్టెకూ పంచాం. హిందూపురం మార్కెట్లో మిగిలినవి అయిపోయేదాకా పంచాం.

ఐదోనాడు హిందూపురం టీచరమ్మ ఒకామె ఆ తెలుగు పేరే కొట్టి ఎర్రంచు చీర అడిగింది. మమత ఫోను తెచ్చి చూపిస్తే మా అక్క మగ్గం ఆపి, తన పేరును వేలితో అక్షరం అక్షరం చదువుకుంది. తర్వాత, జయరాముడి కోసమని మొదలుపెట్టి మగ్గం మీదున్న ఎర్రంచు చీరనే, నేత పూర్తయ్యాక టీచరమ్మకు పంపమంది.

కాఫీ గ్లాసు సంగతి మాత్రం నేను కల్పించింది. జయరాముడు అడుగుదాకా తాగాడు. పైగా అతను పంచె కట్టడు, ప్యాంటే.