సూరు టోపీ

నర్మద నాటకంలో వేషానికి ఒప్పుకున్నదంటే అది టోపీని చూసే.

తొమ్మిదో తరగతిలో అందరికంటే పొడుగు ఆ పిల్లే. అందుకని తెలుగు చెప్పే మమతారాణి మేడం ఆమెకు దొర వేషం ఇచ్చింది. వెనకటి రోజుల్లో బెల్లంపల్లి దిక్కు అడవుల్లో బొగ్గు వెతుక్కుంటూ తిరిగిన ఒక తెల్లదొర కథ అది. దొరకు మాటలు తక్కువే. అయినా నలుగురి ముందు నిలబడితే చాలు, నర్మద గొంతు లోపలికి పోతుంది. హాజరు పలికితే పక్క బెంచీకి కూడా వినబడదు. నావల్ల కాదని చెప్పడానికే ఆ రోజు స్టాఫ్ రూముకు వెళ్ళింది. బల్ల మీద మేడం తెచ్చిన దొర బొమ్మ ఉంది. తల మీద చుట్టూరా వెడల్పాటి అంచున్న టోపీ, ముక్కు దాకా దాని నీడ, కళ్ళు ఎక్కడున్నాయో కనబడనే లేదు. ఇలాంటిది పెట్టుకుంటే జనం కనబడరు, నా కాలి వేళ్ళు మాత్రమే కనబడతాయి అనుకుంది నర్మద. చెప్పడానికి వెళ్ళిన మాట మింగేసి, సరేనని తలూపి వచ్చింది.

టోపీ బడిలో లేదు. అట్టతో చేద్దామన్నది మేడం. అట్టటోపీ స్టేజీ మీద ఊడి పడితే? 

వాళ్ళ బాపు బాలమల్లు మస్కట్‌లో పని చేస్తాడు. అంతకుముందు సొంతూరు సిరిసిల్లలో ఏళ్ళ తరబడి సాంచాలు నడిపినవాడే. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆయన సెలవు మీద ఇంటికి వచ్చే రోజులు దగ్గర పడ్డాయి. ఎప్పుడూ ఏదీ కావాలని అడగని నర్మద, అవ్వ, అంటే వాళ్ళమ్మ, ఫోను చేతికి ఇవ్వగానే గుండె దిటవు చేసుకుని అడిగేసింది.

"బాపూ, పెద్ద అంచున్న టోపీ ఒకటి తెస్తవా?"

"టోపీయా? తెస్త బిడ్డా. అంచు ఎంతుండాలె?"

"జానెడు."

"జానెడా? గంత అంచు పెండ్లి చీరెకుంటది గదనే."

ఎప్పటిలా బాపు పరాచికాలాడుతున్నాడనుకుంది. పెద్దదే కావాలని ఇంకోసారి చెప్పి, సిగ్గుతో ఫోను అవ్వకు ఇచ్చేసింది.

బాలమల్లు వచ్చిన రోజు ఇల్లంతా అత్తరు వాసన. పెట్టెలోంచి చాక్లెట్లు, టార్చిలైటు, వాళ్ళ బాపమ్మ లింగవ్వకు మెత్తటి దుప్పటి వచ్చాయి. అన్నిటికన్నా అడుగునుంచి బట్టలో చుట్టిన పొట్లం తీసి, నర్మదను దగ్గరికి పిలిచాడు. అందులో తెల్లటి గుండ్రటి టోపీ ఉంది, అక్కడివాళ్ళు పండగలకు పెట్టుకునేలాంటిది. బయటికి ఎక్కడా అంచు లేదు. టోపీ చుట్టూ మాత్రం ఆకుపచ్చ మీద బంగారు తీగ పనితో జానెడు వెడల్పు పట్టీ నిలువుగా నిలబడి ఉంది. ఎన్ని దుకాణాలు తిరిగినా అంత అంచున్నది దొరకలేదట. చివరికి ఒక టోపీ, వేరే అంచు కొని, దర్జీతో కుట్టించాడట. చెబుతుంటే బాలమల్లు కళ్ళు మెరిశాయి. లింగవ్వ ఆ అంచును తిరగేసి, వేలితో రాసి, నేత మంచిగున్నదన్నది.

నేతవాళ్ళ ఇంట్లో అంచంటే చీరె అంచే, ధోతి అంచే. అది నర్మదకు అప్పుడు తట్టింది. తట్టి ఏం లాభం? బాపు టోపీని ఆమె తల మీద పెట్టి, దూరం జరిగి, మురిసిపోతూ చూస్తున్నాడు. నర్మద నవ్వింది. మంచిగున్నది బాపూ అన్నది. ఆ మాట మాత్రం అందరికీ వినబడేలా వచ్చింది.

మరునాడు బడిలో ఆ టోపీ చూసి, పక్కన కూర్చునే కోమల కడుపు పట్టుకుని నవ్వింది. "దొర బొగ్గుకొచ్చిండా, పెండ్లికొచ్చిండా?" అన్నది. మేడం నవ్వు ఆపుకుని, బాపుకు విడమర్చి చెప్పమన్నది. ఆ వారంలోనే కరీంనగర్‌లో నాటకాల పోటీ. అట్టటోపీ అయినా సరే చేసుకోవాలని కూడా అన్నది.  టోపీ లేకుండా ఆ స్టేజీ ఎక్కడం తన వల్ల కాదు. ఇది కాదు బాపూ అని ఆ మొఖం మీద చెప్పడం అసలే కాదు.

ఇంటికి రాగానే వాకిట్లో అవ్వ బీడీలు చుట్టే చాట ఖాళీగా కనబడింది. అవ్వ కట్టలు అప్పజెప్పడానికి వెళ్ళింది. నర్మద చాటను బోర్లించి తల మీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, ఇంటి వెనక గోడ ముందు నిలబడి దొర మాటలు చదవసాగింది. కళ్ళ మీద నీడ పడగానే గొంతు తెరుచుకుంది. ఇదిగో, ఈ రాయి నల్లగా ఉంది, ఇక్కడ తవ్వండి అని గోడను గద్దించింది. ఇంతలో చాటలోని తంబాకు పొడి ముక్కులోకి పోయి, తుమ్ము మీద తుమ్ము.

వెనక బాలమల్లు నిలబడి ఉన్నాడు.

"ఏందే, చాట నెత్తిమీద పెట్టుకున్నవు? నేను తెచ్చిన టోపీ ఏమాయె?"

నర్మద తల వంచుకుంది. చాట కింద బాపు కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. బహుశా అందుకే మాట బయటికి వచ్చింది.

"అంచంటే గిట్ల బయటికుంటది బాపూ. ఎండ, మందీ కనవడకుంట."

ఆ కాళ్ళు ఒక అడుగు దగ్గరికి వచ్చాయి.  తర్వాత ఆయన చాట చివరను వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది అంచెట్లయితది బిడ్డా? గిది సూరు గదా. ఇంటికి సూరున్నట్టు. సూరున్న టోపీ అంటే నేను తేకపోదునా?"

నర్మద చాట ఎత్తి చూసింది. బాపు నవ్వుతున్నాడు. విషయం విన్న లింగవ్వ అయితే నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జానెడు అంచు కోసం మస్కట్ అంతా తిరిగిన కొడుకును ఆ సాయంత్రమంతా ఆటపట్టించింది.

తెల్లవారి తండ్రీబిడ్డలు కరీంనగర్ బస్సెక్కారు. బాలమల్లు ఏ దుకాణంలోకి పోయినా సూరు టోపీ ఉందా అనే అడిగాడు. బస్టాండుకు కాస్త దూరంలో ఒక టోపీల దుకాణాయన మాత్రం ఎదురు ప్రశ్న లేకుండా అన్నీ తీసి బల్ల మీద పరిచాడు. గడ్డితో అల్లినవి వేలు తగిలితే వంగిపోతున్నాయి. ఒకదానికి పక్కలు పైకి చుట్టుకుని ఉన్నాయి. నర్మద అన్నిటికన్నా పెద్దదాన్ని తీసి కళ్ళ మీదికి లాక్కుంది. అద్దంలో గడ్డం తప్ప ఏమీ లేదు. ఆనందంగా ఇటు తిరిగి, దుకాణం స్తంభానికి గుద్దుకుంది.

"సూరు మరీ కిందికుంటే ఇంట్లకు వచ్చెటోని నెత్తికి తాకుతది. ఇంట్ల ఉన్నోళ్ళకు వాకిలి కనవడది," అన్నాడు బాలమల్లు.

ఆయన ఇంకోటి అందించాడు. మందపాటి ఉన్నిబట్టతో చేసిన గోధుమరంగు టోపీ. సూరు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ముందు కాస్త కిందికి, వెనక కాస్త పైకి వంచి పెట్టుకోవాలని దుకాణాయన చూపించాడు. నర్మద అలాగే పెట్టుకుని అద్దంలో చూసుకుంది. కళ్ళు నీడలో ఉన్నాయి కానీ ఉన్నాయి. పొడుగ్గా, నిటారుగా, ఎవరో తెలియని మనిషిలా కనబడింది. ఇంకొంచెం పక్కకు వాల్చి, గిదే బాపూ అన్నది. దుకాణంలో ఒక వస్తువును తనకు తాను ఎంచుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

టోపీ చుట్టూ ఉన్న నైలాన్ రిబ్బను లింగవ్వకు నచ్చలేదు. మస్కట్ టోపీకి కుట్టించిన అంచును తనే విప్పి, సన్నగా మడిచి, కుట్టు కనబడకుండా గోధుమరంగు టోపీకి చుట్టింది. మేడం చూసి, దొరకు ఇంత సోకెక్కడిదని అడిగింది. సిరిసిల్ల మీదుగా వచ్చిండు మేడం అని కోమల జవాబిచ్చింది. అంచు అలాగే ఉండిపోయింది.

పోటీ రోజు హాలు నిండా జనం. నర్మద టోపీని కళ్ళ మీదికి దించుకుని స్టేజీ మీదికి నడిచింది. అనుకున్నట్టే తన కాలి వేళ్ళు, చెక్కలు, ముందు వరుసలోని చెప్పులు మాత్రమే కనబడ్డాయి. మొదటి మాట బయటికి వచ్చింది. రెండోదీ వచ్చింది. అప్పుడు ఆ చెప్పుల వెనక ఒక తల కిందికి వంగడం కనబడింది. మూడో వరుసలో బాపు. పాత పెంకుటింట్లోకి వచ్చేవాడిలా నడుము వంచి, మెడ తిప్పి, టోపీ సూరు కింది నుంచి తన ముఖం కోసం వెతుకుతున్నాడు. పక్కాయన ఏదో గొణిగినా తల ఎత్తడం లేదు.

బాపు మెడ పట్టేస్తుందనిపించింది నర్మదకు. ఒక వేలితో టోపీ ముందు భాగాన్ని పైకి నెట్టింది. ఒక్కసారిగా హాలంతా కళ్ళ ముందుకు వచ్చింది. బాలమల్లు నిటారుగా కూర్చున్నాడు.

"ఇదిగో, ఈ రాయి నల్లగా ఉంది," అన్నాడు దొర, వెనక వరుస దాకా వినబడేలా. "ఇక్కడ తవ్వండి."